దూదమ్మ చూపుడువేలు

రక్తం తీసే గది ముందు జనం ముందుకి తోసుకుంటారని మనం అనుకుంటాం. ఆ ఆస్పత్రిలో మాత్రం వెనక్కి తోసుకునేవాళ్ళు. గదిలో మూడు కుర్చీలు, సూదిపట్టేవాళ్ళు ముగ్గురు. కిటికీ పక్క కుర్చీ ఖాళీ అయ్యేదాకా "ముందు మీరు వెళ్ళండి, అబ్బే మీరే వెళ్ళండి" అంటూ ఎక్కడలేని మర్యాదలూ ఒలకబోసేవాళ్ళు. కిటికీ పక్కన కూర్చునేది దూదమ్మ మరి. ఆవిడ అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఇంకెక్కడా బతికిలేదు. ఆవిడ గుచ్చితే దూది తగిలినట్టుంటుందని ముప్ఫై ఏళ్ళ కిందట ఏ పేషెంటో అన్న మాట, అలా పేరై కూర్చుంది.

హస్తవాసి అంటారే, అది ఊరికే రాలేదు. ఆ గదిలో అందరికీ తెలిసిన రహస్యం ఒకటుంది. పొద్దున డ్యూటీ ఎక్కగానే దూదమ్మ గ్లౌజులు తొడుక్కుని, చిన్న కత్తెరతో ఎడమ చూపుడువేలి కొన మీది రబ్బరు కత్తిరించేసేది. స్పిరిటుతో చర్మం తుడిచాక, ఆ ఉత్త వేలితో ఇంకోసారి నొక్కి చూసి, అక్కడే సూది దించేది. "వేలికి కళ్ళుంటాయి, రబ్బరుకి ఉండవు" అనేది ఎవరైనా అడిగితే. ఎవరూ అడిగేవాళ్ళు కాదనుకోండి. ఎవరికీ దొరకని నరాలు ఆవిడకి ఒక్క పోటులో దొరుకుతుంటే అడిగే నోరెవరిది?

అడగాల్సిన మనిషి ఒకరున్నారు. సరిగ్గా రెండంతస్తుల పైన, వైరస్‌లు వెతికే ల్యాబులో పనిచేసే మనిషి. ఆవిడ కూడా అడక్కపోగా, మా అత్తయ్య వేలు చూడాలి మీరు అని పదిమందితో గొప్పగా చెప్పుకుంది. ఎందుకంటే ఆవిడ దూదమ్మ కోడలు.

తల్లి లేని పిల్లగా ఆ ఇంటికొచ్చింది కోడలు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తావే అని ల్యాబు కోర్సులో చేర్పించింది దూదమ్మ. పరీక్షరోజు గేటు బయట మూడు గంటలు ఎండలో కూర్చున్నదీ, ఇప్పటికీ రోజూ పొద్దున కోడలిని ముందు కూర్చోబెట్టుకుని జడ అల్లేదీ ఆవిడే. పద్నాలుగేళ్ళ సంసారంలో కోడలికి మొగుడితో పడ్డ తగాదాల్లో తీర్పులన్నీ కోడలి పక్షానే వచ్చాయి. మొగుడు దూరప్రాంతాల బస్సు నడుపుతాడు, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు కాబట్టి తీర్పులు ఎక్కువగా ఆయన వెనకే జరిగిపోయేవి.

ఇక కథలోకి వద్దాం. కిడ్నీ మార్చుకున్నవాళ్ళు జీవితాంతం కొన్ని మందులు మింగాలి. కొత్త కిడ్నీని పరాయిదని ఒళ్ళు తరిమెయ్యకుండా, ఒంటికి కాపలాకాసే శక్తిని ఆ మందులు జోకొట్టి పడుకోబెడతాయి. కాపలా నిద్రపోతే ఇంకేముంది, చర్మం మీద ఏళ్ళ తరబడి నోరుమూసుకుని కాపురముంటున్న ఒక వైరస్‌కి కాళ్ళొస్తాయి. మనలో చాలామంది ఒంటిమీద అది ఉంటుంది, దాని పాటికి అది ఉంటుంది. వీళ్ళలో మాత్రం ఎక్కడో ఒకరికి ముక్కు మీదా కనుబొమల మీదా ముళ్ళలాంటి గరుకు పొక్కులు లేపుతుంది. అది రక్తంలోకి కూడా దిగుతుందా, ముందే పట్టుకోవచ్చా అన్నది ఆ ఆస్పత్రి పెద్ద డాక్టరమ్మకి పట్టిన ధ్యాస. అందుకని నలభైమంది పేషెంట్ల రక్తం కోడలి ల్యాబుకి వచ్చింది. తొమ్మిదిమంది రక్తంలో వైరస్ దొరికింది.

కోడలు గాల్లో తేలిపోయింది. మామూలుగా ఎవరినీ మెచ్చుకోని డాక్టరమ్మ ల్యాబుకొచ్చి మరీ భుజం తట్టింది. కానీ గురువారంనాడు ఆ డాక్టరమ్మే ఇంకో మాట చెప్పింది. తొమ్మిదిమందిలో ఒకాయనకి, షర్టులు కుట్టే టైలరుకి, ముక్కు మీద గరుకు పొక్కులు కూడా ఉన్నాయట. రక్తంలోనూ దొరికింది కాబట్టి ఇక అనుమానం లేదు, సోమవారం నుంచి ఆయన మందు సగానికి తగ్గించేస్తానంది. మందు తగ్గితే ఒంటి కాపలా లేచి వైరస్‌ని అణిచేస్తుంది. లేచిన కాపలా వైరస్‌తో ఆగుతుందో, కిడ్నీ మీద కూడా పడుతుందో చెప్పలేం. పడితే ఆ కిడ్నీ పోతుంది. అది ఎనిమిది నెలల కిందట ఆయన అక్క తన ఒంట్లోంచి తీసిచ్చిన కిడ్నీ. ఆవిడ దగ్గర ఇవ్వడానికి ఇంకోటి లేదు.

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరమ్మకివ్వాల్సిన పట్టిక రాస్తూ, ఎవరు రక్తం తీశారన్న గడి నింపడానికి కోడలు రిజిస్టరు తెరిచింది. తొమ్మిదిమందిలో ఒకటో పేరు పక్కన అత్త సంతకం. రెండో పేరు పక్కన అత్త సంతకం. అయిదో పేరు దాకా నవ్వుకుంటూనే రాసింది. ఏడో పేరు దగ్గర చెయ్యి ఆగింది. తొమ్మిదికి తొమ్మిదీ దూదమ్మ తీసినవే. మిగతా ఇద్దరూ తీసిన ఇరవైమూడింటిలో ఒక్కదాంట్లోనూ వైరస్ లేదు.

కోడలి బుర్ర సాకులు వెతికింది. దొరకని నరాలవాళ్ళందరినీ అత్తయ్య దగ్గరికే పంపుతారు కదా, నరాలు పాడయ్యేంత జబ్బు పడ్డవాళ్ళకే వైరస్ కూడా ఎక్కువుంటుందేమో! కావచ్చు కూడా. కానీ కళ్ళముందు కత్తెర కదులుతోంది, కత్తిరించిన రబ్బరు ముక్క కదులుతోంది, తుడిచిన చోట మళ్ళీ నొక్కే ఆ వేలు కదులుతోంది. వేలి మీది చర్మపు పొడి కంటికి కనపడదు. సూది దాన్ని తోసుకుంటూ లోపలికి దిగి, మొదటి చుక్కలతో పాటు ట్యూబులోకి లాక్కొస్తే? కోడలి మిషనుకి గోరంత కూడా ఎక్కువే, దొరికినదాన్ని కోట్ల రెట్లు పెంచి చూపించడమే దాని ఉద్యోగం.

ఇంకో సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. చర్మం మీదుండే దాన్ని రక్తంలో వెతికేటప్పుడు మొదటి ట్యూబు పారేసి రెండోది పంపండి అని కింది గదికి రాసివ్వాల్సింది తనే. రాయలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో కోడలు అన్నం కెలుకుతూ కూర్చుంది. అత్తకి ఇంకో మూడు నెలల్లో రిటైర్‌మెంటు. ఆస్పత్రివాళ్ళు వీడ్కోలు సభ పెడతామంటున్నారు, ఆవిడ వద్దంటూనే ఏ చీర కట్టుకోవాలో నాలుగుసార్లు అడిగింది. ముప్ఫై ఏళ్ళ మంచిపేరుని ఇప్పుడు, అదీ తన చేత్తో ఎలా తుడిచెయ్యడం? చెప్పకపోతే టైలరుగారి గతేమిటి? ఏమైందే అని దూదమ్మ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ తలనొప్పి అని నీళ్ళు నమిలింది కోడలు.

శనివారం పొద్దున ఎప్పట్లాగే గుమ్మం దగ్గర కోడలు కింద, అత్త ముక్కాలిపీట మీద. దువ్వెన పాపిడి తీసింది, జుట్టు మూడు పాయలైంది. ఎదురుగా మొహం లేకపోతే మాట తేలిగ్గా వస్తుంది.

"అత్తయ్యా, ఒకటి చెప్తాను. అల్లడం మాత్రం ఆపకండి."

ఆపనులే చెప్పమంది దూదమ్మ. కోడలు గడపకేసి చూస్తూ మొత్తం చెప్పేసింది. తొమ్మిది సంతకాలూ, కత్తిరించిన రబ్బరూ, సూదితో పాటు లోపలికెళ్ళే పొడీ, టైలరుగారి మందూ. చెప్తుండగా సగంలో చేతులు ఆగిపోయాయి.

"అంటే ఆ తొమ్మిదిమందిలో నీకు దొరికింది వాళ్ళ జబ్బు కాదు, నా వేలంటావు."

"అయ్యుండొచ్చు అంటున్నాను. మీ వేలు పరీక్ష చేస్తేగానీ తెలీదు."

తరవాత చేతులు మళ్ళీ కదిలాయి. ఎంత బిగించి అల్లిందంటే కోడలి కనుబొమలు పైకి లేచాయి. నా చేతిమీదుగా ఎన్ని వేలమంది వెళ్ళారో లెక్కుందా అంది దూదమ్మ. ఒక్కరి చెయ్యి వాచిందా, ఒక్కరికి చీము పట్టిందా అంది. లేదత్తయ్యా అంది కోడలు. నా వేలు నాకు అన్నం పెట్టింది అంది, నువ్వు దాన్ని దొంగని చేశావు అంది. కోడలి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. జడ చివర రబ్బరుబ్యాండు వేస్తూ దూదమ్మ గొంతు మారింది.

"ఆయన మందు ఎప్పటినుంచి తగ్గిస్తారన్నావు?"

"ఎల్లుండి."

"మరి నిన్న మధ్యాహ్నం తెలిస్తే ఇప్పటిదాకా ఏం చేస్తున్నావే నువ్వు? లే."

ఆ 'లే' అన్న మాటకి కోడలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఈవిడ గురించా రాత్రంతా భయపడ్డాను అనుకుంది.

దూదమ్మ ఆ ల్యాబులోకి రావడం అదే మొదటిసారి. ఇచ్చిన కోటు తొడుక్కుని, ఇచ్చిన చెప్పులు మార్చుకుని, బడిలో కొత్తగా చేరిన పిల్లలా చెప్పినచోట నిలబడింది. కోడలు దూది చుట్టిన పుల్లని తడిపి, చూపుడువేలి కొన మీద గుండ్రంగా రుద్దింది. ముప్ఫై ఏళ్ళుగా అందరి చేతులూ పట్టుకున్న మనిషి తన చెయ్యి ఇంకొకరికి ఇచ్చి మొహం పక్కకి తిప్పుకుంది. నొప్పి లేదు కదా అని కోడలు అడిగితే, దీనికే నొప్పేంటే అంటూనే మొహం మాత్రం ఇటు తిప్పలేదు. తోడుంటుందని కోడలు తన వేలు కూడా అలాగే రుద్ది రెండు పుల్లలూ మిషనులోకి పంపింది.

మధ్యాహ్నానికి తెర మీద గీతలు లేచాయి. అత్త వేలి గీత నిటారుగా ఎక్కింది, కోడలి వేలి గీత దాని వెనకే కొంచెం నీరసంగా ఎక్కింది. అంటే అత్తాకోడళ్ళిద్దరి చర్మం మీదా అది పుట్టి పెరిగినట్టే ఉంది. దూదమ్మ ఆ గీతల్ని చాలాసేపు చూసింది. నీకూ ఉందన్నమాట అంది. ఉందత్తయ్యా, చాలామందికి ఉంటుంది, ఇందులో మురికీ లేదు తప్పూ లేదు, ట్యూబులోకి వెళ్ళడమే తప్పు అంది కోడలు. దూదమ్మ తలూపింది. నమ్మిందో లేదో తెలియలేదు.

డాక్టరమ్మ దగ్గర ఎలా మొదలుపెట్టాలో కోడలు మెట్లమీద మూడు రకాలుగా అనుకుంటూ దిగింది. ఒక్కటీ అక్కర్లేకపోయింది. తలుపు తోసింది దూదమ్మ, మాట్లాడిందీ ఆవిడే.

"డాక్టరుగారూ, ఆ తొమ్మిదిమందిలో కనపడ్డది నా వేలు. వాళ్ళ మందుల జోలికి వెళ్ళకండి."

డాక్టరమ్మ అగ్గిమీద గుగ్గిలంలాంటి మనిషి. ఇద్దరూ తలొంచుకుని తయారుగా నిలబడ్డారు. ఆవిడ కళ్ళజోడు తీసి, పట్టిక మొదటినుంచి చివరిదాకా చదివి, వేలి గీతల కాగితం చదివి, మళ్ళీ పట్టిక చదివింది. గ్లౌజు కత్తిరించడం గురించి దూదమ్మకి పెట్టాల్సిన చీవాట్లు పెట్టింది, అవి తక్కువేం కాదు. మొదటి ట్యూబు పారెయ్యమని రాయాల్సింది నేనండీ అని కోడలు అడ్డుపడింది. రాయలేదని చూసుకోవాల్సింది నేను అంది డాక్టరమ్మ, ఈసారి కొంచెం నెమ్మదిగా. తొమ్మిదిమందినీ మళ్ళీ పిలిపించమంది, ముందు టైలరుని. ఆ ఫలితం వచ్చేదాకా ఆయన మందు ముట్టుకోనంది.

సోమవారం పొద్దున టైలరు వచ్చాడు. సన్నటి మనిషి, ముక్కు మీద ఇసుక చల్లినట్టు పొక్కులు. వెంట అక్క వచ్చింది గానీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. డయాలసిస్ కోసం ఒకప్పుడు ఆపరేషన్ చేసిన ఎడమచేతిని సూదితో ముట్టుకోకూడదు, కుడిచేతి నరాలు ఆయన కుట్టే దారాల కన్నా సన్నం. కొత్తగా చేరిన నర్సు తీస్తుందని దూదమ్మ చెప్పింది. మీరైతేనే అని టైలరు కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. సంగతి చెప్పకుండా ఆ చెయ్యి పట్టుకోవడం దూదమ్మ వల్ల కాలేదు. నీకు లేని జబ్బు నా వేలు అంటగట్టి ఉంటుంది నాయనా, నీ మందు తగ్గించేసేవాళ్ళు, నీ అక్క ఇచ్చింది పోయేది అని చెప్పింది. కోడలు ట్యూబులు పట్టుకుని పక్కనే ఉంది. ఆయన కోప్పడితే ఏం చెప్పాలా అని ఆలోచిస్తోంది.

టైలరు చాలాసేపు తన చేతికేసి చూసుకున్నాడు.

"ఎనిమిది నెలలైందమ్మా, నన్ను మనిషి చర్మం తగిలి. ఇంట్లో కంచం బల్ల మీద పెట్టి దూరం జరుగుతారు. ఇక్కడ అందరిదీ రబ్బరే. నెలకోసారి మీ వేలొక్కటే తగిలేది. నేను రక్తం ఇవ్వడానికి వచ్చేవాణ్ణి కాదు, దానికోసం వచ్చేవాణ్ణి."

గుమ్మం దగ్గర అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేలకేసి చూసింది. దూదమ్మ నిండు గ్లౌజులు తొడుక్కుంది. స్పిరిటుతో తుడిచి, ఆరేదాకా ఆగి, మళ్ళీ ఆ చోటు తాకకుండా సూది దించింది. నరం తప్పింది. ఇంకో చోట గుచ్చింది, అక్కడా తప్పింది. ముప్ఫై ఏళ్ళలో ఆ చెయ్యి రెండో పోటు ఎరగదు. కొత్త నర్సు చూపు తిప్పుకుంది. మూడోసారికి రక్తం వచ్చింది. మొదటి ట్యూబు పక్కన పడేసి రెండోది నింపింది. ఈసారి నొప్పెట్టింది కదమ్మా అన్నాడు టైలరు, నవ్వబోతూ.

"పెట్టింది నాయనా. కానీ ఇవాళ తీసింది అచ్చంగా నీ రక్తం."

ట్యూబు తీసుకుని కోడలు మెట్లెక్కింది. నాలుగు గంటలు పట్టే పని. ఆ నాలుగు గంటలూ కుర్చీలో కూర్చోలేదు. అత్తయ్య వేలు తప్పని తేలినంత మాత్రాన ఆయన ఒప్పని తేలదు కదా, ఆయన రక్తంలో నిజంగానే ఉంటే? తెర మీద తెలిసిన వైరస్‌తో కావాలని పెట్టిన గీత లేచింది, మిషను సరిగానే ఉంది. టైలరు గీత మాత్రం అడుగునే, కాగితం అంచులా బల్లపరుపుగా చివరిదాకా సాగింది. కోడలు రెండోసారి, మూడోసారి చూసి, కుర్చీలో కూలబడి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని కిందికి పరిగెత్తింది. (మిగిలిన ఎనిమిదిమందిలో ఒకాయనకి నిజంగానే ఉందని ఆ వారంలో తేలింది. ఆయనకి మందు తగ్గించారు, మొహం నున్నబడింది, కిడ్నీ కూడా కులాసాగానే ఉంది.)

డాక్టరమ్మ కాగితం చూసి, టైలరు మందు ఒక్క మాత్ర కూడా తగ్గించేది లేదంది. ముక్కు మీద పొక్కులు వైరస్‌వి కావు, ఆ మందు పడక వచ్చినవేనని పూతమందు రాసిచ్చింది. టైలరు చేతులు జోడించాడు. మాట్లాడింది మాత్రం అక్క. ఆవిడ కోడలిని పక్కకి పిలిచి, ఎవరూ వినకూడదన్నట్టు అడిగింది.

"వాణ్ణి ముట్టుకోవచ్చా అమ్మా?"

ఇంటికి పంపేటప్పుడు ఇన్‌ఫెక్షన్ రాకుండా చూసుకోమన్నారట. తన కిడ్నీ వాడి ఒంట్లో ఉంది, తన చేత్తోనే దానికేమైనా అయితే ఎలా అని ఆ రోజునుంచీ ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు. పక్కగదిలో వాడు దగ్గితే తలుపు బయట నిలబడేదట. ముట్టుకోవద్దని ఎవరూ చెప్పలేదు, ముట్టుకోవచ్చని కూడా ఎవరూ చెప్పలేదు. మీకు ఒంట్లో బాగున్నప్పుడు సబ్బుతో చేతులు కడుక్కుని హాయిగా ముట్టుకోండి అని చెప్పింది కోడలు.

రక్తం తీసే గదిలో మూల కుళాయి ఉంది. దూదమ్మ సబ్బు అందించింది. అక్క మోచేతుల దాకా కడుక్కుంది, గోళ్ళ సందులు కడుక్కుంది, మళ్ళీ మొదటినుంచి కడుక్కుంది. చాలమ్మా, ఇంకా రుద్దితే చర్మం ఊడొస్తుంది అని దూదమ్మ కుళాయి కట్టేసింది.

అక్క తమ్ముడి దగ్గరికెళ్ళి, ఎక్కడ పట్టుకోవాలో తెలియనట్టు ఒక్క క్షణం ఆగింది. కుడిచేతికి మూడు చోట్ల ప్లాస్టర్లున్నాయి. ఆవిడ తలమీద చెయ్యి వేసింది. జుట్టు పెరిగిపోయిందిరా, కత్తిరించుకోలేదా అంది. టైలరు ఏదో చెప్పబోయి కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ చేతి తడి ఆయన నుదుటి మీదికి దిగుతోంది, ఇద్దరిలో ఎవరూ దాన్ని తుడవలేదు. బయట వరసలో ఎవరో తమ వంతు వచ్చిందని తలుపు తట్టారు. ఉండండి కాసేపు అంది దూదమ్మ.